నాయనమ్మ మీదికి వచ్చిన తెర

పిల్లలూ, మీరు స్నానం చేస్తూ ఉండగా ఎవరో వెనకనుంచి వచ్చి, చల్లటి తడిచేత్తో మీ కాలు పట్టుకున్నారనుకోండి. ఉలిక్కిపడతారు గదా! ఒక నాయనమ్మకు రోజూ అట్లాగే జరిగేది. అయితే ఆమెను పట్టుకున్నది దయ్యమూ కాదు, మనిషీ కాదు. ఒట్టి ప్లాస్టిక్కు తెర! ఆ తెర ఎందుకు మీదికి వచ్చిందో, దాన్ని ఆ ఇంటివాళ్ళు ఎట్లా దూరంగా జరిపారో ఇప్పుడు చెప్పుకుందాం.

ముందు ఆ స్నానాలగది ఎట్లా ఉంటుందో తెలియాలి. మన ఇళ్ళలో స్నానాలగది నేల తూము వైపుకు కాస్త వాలుగా ఉంటుంది. చెంబుతో పోసుకున్నా, షవరు కింద నిలబడినా నీళ్ళన్నీ నేలమీదుగా పారి తూములోకి పోతాయి. గది అంతా తడిసినా మనకు బెంగ లేదు.

అమెరికాలో అట్లా కాదు. అక్కడ చాలా ఇళ్ళలో స్నానాలగదికి ఒక పక్కగా తొట్టి ఉంటుంది. దానికి మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఖాళీ. తొట్టి పొడవు సాధారణంగా 60 అంగుళాలు, అంటే అయిదు అడుగులు. వెడల్పు సుమారు 30 అంగుళాలు. షవరు కూడా ఆ తొట్టికి పైనే ఉంటుంది. నీళ్ళు పోయే తూము తొట్టిలోనే ఉంటుంది గాని, బయట నేలకు మామూలుగా ఉండదు. పైగా అక్కడి ఇళ్ళు చాలావరకు కర్రతో కట్టినవి. తొట్టి బయట నీళ్ళు పడి నిలిచాయంటే, అవి నేలలోకి ఇంకి కింది చెక్కలు కుళ్ళిపోతాయి. మేడమీది గది అయితే కింది గది కప్పు మీద మరకలు పడతాయి.

అందుచేత తొట్టికి నాలుగో వైపున, ఈ గోడనుంచి ఆ గోడదాకా ఒక కడ్డీ బిగించి, దానికి ఉంగరాలతో తెర వేలాడదీస్తారు. తెర అంచును తొట్టి లోపలికి వదులుతారు. తెర మీద పడిన నీళ్ళు జారి మళ్ళీ తొట్టిలోకే పోతాయి.

టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్ నగరం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అట్లాంటి ఒక ఇంటికి మనమూ వెళ్ళామనుకుందాం. ఆ ఇంట్లో అమ్మా, నాన్నా, అన్నా, చెల్లెలూ ఉన్నారు. తెనాలినుంచి నాయనమ్మ వచ్చింది. ఆమె వచ్చిన నాటినుంచీ ఇంట్లో పండగలాగా ఉన్నది. కాని వారం తిరగకముందే నాయనమ్మ, “అమ్మాయీ, నాకు ఒక బకెట్టూ చెంబూ తెప్పించు. ఆ జల్లు స్నానం నాకు వద్దు,” అన్నది.

“ఏం, అత్తయ్యా? నీళ్ళు సరిగా రావటం లేదా?” అని అమ్మ అడిగింది.

“నీళ్ళకేం, బాగానే వస్తున్నవి. ఆ తెరే నా మీదికి వస్తున్నది,” అన్నది నాయనమ్మ.

అన్న పకపకా నవ్వాడు. “కిటికీ లేని గదిలో తెర ఎట్లా కదులుతుంది, నాయనమ్మా? నువ్వే దానికి తగులుకుని ఉంటావు,” అన్నాడు.

నాయనమ్మ ఏమీ అనలేదు. కాని చెల్లెలు ఊరుకోలేదు. నవ్వటం తేలిక, చూసి తెలుసుకోవటమే కష్టం. ఆమె స్నానాలగదిలోకి పోయి తలుపు వేసింది. తెర పూర్తిగా లాగి, తొట్టిలో ఎవరూ లేకుండానే షవరు తిప్పి, బయట నిలబడి చూసింది. కాసేపటికి తెర కింది భాగం మెల్లిగా కదిలి, కడుపు లోపలికి పీల్చుకున్నట్టుగా తొట్టిలోకి ఒంగింది. వేడినీళ్ళు ఆపి చన్నీళ్ళు వదిలింది. అప్పుడూ అంతే!

“అన్నయ్యా, రా! నాయనమ్మ చెప్పింది నిజమే!” అని చెల్లెలు కేక పెట్టింది.

ఇది ఆ ఇంట్లో మటుకే జరిగే వింత కాదు. ఇటువంటి తెరలు ఉన్నచోటల్లా జరిగేదే. దీనికి కారణం ఏమిటి?

కొందరు వేడిగాలి వల్ల అన్నారు. వేడినీళ్ళ వల్ల తొట్టిలోని గాలి వేడెక్కి తేలిక అవుతుంది. తేలికైన గాలి పైకి పోతే, దాని చోటులోకి బయటి చల్లగాలి కిందినుంచి తోసుకు వస్తుంది. వస్తూ వస్తూ తెరను కూడా లోపలికి నెడుతుంది. ఈ మాట బాగానే ఉన్నది. కాని చన్నీళ్ళకు కూడా తెర కదిలిందే! కనక ఇది ఒక్కటే కారణం కాదు.

మరికొందరు బెర్నూలీ పేరు చెప్పారు. డేనియల్ బెర్నూలీ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త 1738లో ద్రవాల కదలికను గురించి ఒక గొప్ప గ్రంథం ప్రకటించాడు. పారే ద్రవం వేగం పెరిగిన చోట దాని ఒత్తిడి తగ్గుతుందని ఆయన చూపాడు. షవరునుంచి పడే నీళ్ళు తమతో గాలిని కూడా లాక్కుపోతాయి గనక, లోపల ఒత్తిడి తగ్గి, బయటి గాలి తెరను నెడుతుందని వీరి వాదన.

2001లో అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసే డేవిడ్ ష్మిట్ అనే ఆచార్యుడు ఈ సంగతి తేల్చాలనుకున్నాడు. ద్రవాలు తుంపరలుగా ఎట్లా చిమ్ముతాయో పరిశోధించటమే ఆయన పని. ఆయన తన ఇంట్లో ఉన్న కంప్యూటరులో ఒక బొమ్మ స్నానాలతొట్టిని కల్పించాడు. అందులోని చోటును 50,000 చిన్నచిన్న గళ్ళుగా విడదీసి, గడిగడికీ గాలి ఎట్లా కదులుతుందో లెక్కవేయించాడు. షవరు 30 సెకండ్ల సేపు కురిస్తే ఏం జరుగుతుందో లెక్క కట్టటానికి కంప్యూటరుకు రెండు వారాలు పట్టింది!

ఆ లెక్కలో ఏం తేలిందంటే, పడే నీటి బొట్లను గాలి అడ్డగిస్తుంది. బొట్ల వేగం కొంత తగ్గుతుంది. ఆ పోయిన బలం గాలికి వచ్చి, గాలి సుడి తిరుగుతుంది. ఎండాకాలంలో మైదానంలో దుమ్ము లేపుతూ తిరిగే సుడిగాలిని మీరు చూసే ఉంటారు. దాన్ని పక్కకు పడుకోబెడితే ఎట్లా ఉంటుందో, తెర వెనక ఏర్పడే సుడి అట్లా ఉంటుంది. సుడి నడుమ ఒత్తిడి తక్కువ. ఒక గ్లాసులో నీళ్ళు పోసి చెంచాతో గిరగిరా తిప్పి చూడండి. నడుమ గుంట పడుతుంది. ఒత్తిడి తగ్గిన ఆ చోటులోకి బయటి గాలి తెరను నెట్టేస్తుంది.

ష్మిట్‌కు ఆ సంవత్సరమే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి, తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ప్రశ్నకు “కొంతవరకు” జవాబు చెప్పినందుకు ఇస్తున్నామని బహుమతి ఇచ్చినవారే అన్నారు. అంటే, ఇంకా తేలవలసింది మిగిలి ఉన్నదన్నమాట.

ఇంత పెద్ద తెరను గాలి ఎట్లా కదిలించగలదని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. తెర ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటుంది. అంటే 36 చదరపు అడుగులు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో లోపలికీ బయటికీ లక్షలో ఒక్క వంతు తేడా వస్తే చాలు, అంత తెర మీద సుమారు 340 గ్రాముల బరువుతో నెట్టినట్టు అవుతుంది. పలచటి ప్లాస్టిక్కు తెర కదలటానికి అది చాలదూ? కడ్డీకి కట్టిన పై అంచు కదలలేదు గనక, కింది భాగమే లోపలికి వస్తుంది.

ఈ సంగతులన్నీ అన్నాచెల్లెళ్ళు తెలుసుకుని ముచ్చట పడుతూ ఉండగానే ఒక ఉదయం స్నానాలగదిలో ధడాలున చప్పుడైంది. అందరూ పరిగెత్తారు. కడ్డీ, తెర, ఉంగరాలు అన్నీ కింద పడి ఉన్నాయి. నాయనమ్మ తొట్టిలో గోడకు ఆనుకుని కూర్చున్నది. అదృష్టవశాన మోచెయ్యి గీరుకుపోయింది తప్ప పెద్ద దెబ్బ తగలలేదు.

సంగతి అడిగితే మెల్లిగా చెప్పింది. తెర కాలికి చుట్టుకుంటుందని భయపడి, రోజూ ఆమె ఒక చేత్తో తెరను దూరంగా తోస్తూ, రెండో చేత్తో కడ్డీని పట్టుకుని స్నానం చేస్తున్నది. ఆ రోజు కాలు జారింది. పట్టుకున్న కడ్డీ ఊడి చేతికి వచ్చింది.

“ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు నాన్న.

“చెప్పానుగా, తెర మీదికి వస్తున్నదని. మీరు నవ్వారు,” అన్నది నాయనమ్మ.

అన్న తల వంచుకున్నాడు.

ఆ కడ్డీ ఎందుకు ఊడింది? దాన్ని గోడకు బిగించలేదు. అది స్ప్రింగు కడ్డీ. రెండు కొనలకూ రబ్బరు బిళ్ళలు ఉంటాయి. కడ్డీ లోపలి స్ప్రింగు రెండు గోడలనూ తోస్తూ ఉంటుంది. ఆ ఒరిపిడి బలం మీదనే అది నిలబడుతుంది. తెర బరువుకు ఆ బలం సరిపోతుంది. మనిషి బరువుకు సరిపోదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: తెర కడ్డీ ఏదైనా సరే, పట్టుకోవటానికి పెట్టింది కాదు. అందుకు వేరే పిడి కడ్డీలు ఉన్నాయి. అమెరికాలో ప్రజలందరూ వాడే భవనాలలో అటువంటి పిడి 250 పౌన్ల బలానికి, అంటే సుమారు 113 కిలోల బరువుకు, ఊడకుండా ఉండాలని నియమం.

నాన్న ఆ సాయంత్రమే తొట్టిలో జారకుండా రబ్బరు చాప పరిచాడు. పనివాణ్ణి పిలిపించి గోడలోపలి దూలానికి ఒక పిడి కడ్డీ గట్టిగా బిగింపించాడు. ఇక తెర సంగతి మిగిలింది. “వంపు కడ్డీ వేద్దాం,” అన్నాడు నాన్న.

వంపు కడ్డీ అంటే, తిన్నగా కాక, విల్లులాగా బయటి వైపుకు ఒంగి ఉండే కడ్డీ. రెండు కొనలూ పాత చోటనే ఉంటాయి. నడుమ మటుకు అయిదారు అంగుళాలు బయటికి పోతుంది. అప్పుడు భుజాల ఎత్తున 30 అంగుళాల చోటు 36 అంగుళాలు అవుతుంది. తెర మనిషికి దూరమవుతుంది.

“మరి కడ్డీ పొడుగైతే తెర కూడా పెద్దది కొనాలిగా?” అన్నాడు అన్న.

చెల్లెలు కాగితం మీద లెక్క వేసింది. మీరూ వేయండి. ఒక దారానికి పెన్సిలు కట్టి, 13 సెంటీమీటర్ల దూరంలో దారాన్ని నొక్కిపట్టి, వృత్తంలో ఒక ముక్క గీయండి. ఆ వంపు గీత మీద 10 సెంటీమీటర్ల ఎడంగా రెండు చుక్కలు పెట్టి, వాటిని తిన్నటి గీతతో కలపండి. వంపు గీతకూ తిన్నటి గీతకూ నడుమ సరిగ్గా ఒక సెంటీమీటరు ఎడం ఉంటుంది. ఇప్పుడు వంపు గీత వెంట ఒక తడిదారం పరచి, తీసి కొలవండి. పదీ పావు సెంటీమీటర్లు వస్తుంది, అంతే! ఒక సెంటీమీటరును 6 అంగుళాలుగా తీసుకుంటే, అది 60 అంగుళాల తొట్టికి 6 అంగుళాల వంపు ఉన్న కడ్డీ. దాని పొడవు సుమారు 61న్నర అంగుళాలు. అంటే ఒకటిన్నర అంగుళాలు పెరిగితే, నడుమ ఆరు అంగుళాల చోటు కలిసి వచ్చింది. తెర వెడల్పు మామూలుగా 72 అంగుళాలు. అందుచేత పాత తెరే చాలు!

నాన్న దుకాణానికి పోయే ముందు టేపుతో కొలిచాడు. కింద తొట్టి దగ్గర కాదు, కడ్డీ బిగించే ఎత్తున కొలిచాడు. ఎందుకంటే గోడలు కింద ఎంత ఎడంగా ఉంటే పైన కూడా అంతే ఉంటాయని నమ్మకం లేదు. దుకాణంలో రకరకాల కడ్డీలు ఉన్నాయి. ఇనుముకు పైపూత పూసినవి చవక. కాని పూత లేచిన చోట తుప్పు పడుతుంది. అల్యూమినియముకు తుప్పు పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది. అది కంటికి కనపడని పలచటి పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. నాన్న స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ కొన్నాడు. కాని పలకలకు రంధ్రాలు పెట్టటం ఎందుకని, స్ప్రింగుతో నిలిచే రకమే తెచ్చాడు.

కడ్డీ వేశారు. చూడటానికి ఇంద్రధనుస్సును పడుకోబెట్టినట్టు ఉన్నది. తెల్లవారి చూస్తే నడుమ భాగం కిందికి వాలిపోయి ఉన్నది! మళ్ళీ బిగించారు. మళ్ళీ వాలింది.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, “ఒరేయ్, బకెట్టు పిడిని అడ్డంగా పట్టుకుని వదిలేస్తే నిలుస్తుందటరా? కింద పడదూ?” అన్నది.

అసలు సంగతి అదే! తిన్నటి కడ్డీకి బరువంతా రెండు కొనలనూ కలిపే గీత మీదనే ఉంటుంది. వంపు కడ్డీకి బరువు ఆ గీతకు అవతల, గాలిలో ఉంటుంది. అందుచేత అది బకెట్టు పిడిలాగా తిరిగి కిందికి దిగాలని చూస్తుంది. రబ్బరు ఒరిపిడి దాన్ని ఎల్లకాలమూ ఆపలేదు. కనక వంపు కడ్డీ కొనేటప్పుడు, కొనలు తిరగకుండా పట్టి ఉంచే ఆధారాలనూ, వాటిని గోడకు బిగించే మరమేకులనూ చూసుకోవాలి.

నాన్న ఆ కడ్డీని తిరిగి ఇచ్చి, మరమేకుల రకం తెచ్చాడు. బిగించే పని పెద్దలది. పిల్లలు దూరాన ఉండి చూడవలసిందే. ముందు తెరకు ఉంగరాలు తగిలించి, మొత్తం పొడవు కొలిచి, అంచు తొట్టిలోకి దిగేటట్టు ఎత్తు నిర్ణయించారు. 72 అంగుళాల తెరకు నేలనుంచి సుమారు 76 అంగుళాలు సరిపోయింది. కొనలు తొట్టి గట్టుకు కాస్త లోపలగా ఉండేట్టు గుర్తులు పెట్టారు. బయటికి జరిగితే మూలల్లోంచి నీళ్ళు కారతాయి. రెండు గుర్తులూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో రసమట్టంతో చూశారు. రసమట్టంలోని బుడగ సరిగ్గా నడుమ నిలిస్తేనే సమంగా ఉన్నట్టు.

గోడ మీద ఉన్నవి నున్నటి పింగాణీ పలకలు. బరమా ములికి వాటి మీద జారుతుంది. అందుకని గుర్తు మీద కాగితపు టేపు అంటించారు. పలకలకు తగిన గట్టి ములికి వేసి, దెబ్బ కొట్టకుండా, మెల్లిగా తిప్పారు. తొందరపడితే పలక పగులుతుంది. నాన్న కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాడు. కొళాయి ఉన్న గోడలో నీళ్ళ గొట్టాలు ఉంటాయి గనక, అవి ఎటు పోతున్నాయో ముందే చూసుకున్నాడు. పలకల వెనక గోడ చాలా చోట్ల డొల్ల. లోపలి కర్రలు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. కర్ర దొరికిన చోట మరమేకు తిన్నగా దిగింది. దొరకని చోట, గోడ వెనకకు పోయి గొడుగులాగా విచ్చుకునే బిగింపులు వాడారు. రంధ్రాల చుట్టూ నీరు దిగకుండా సిలికోను జిగురు పెట్టారు.

వంపు బయటికి ఉండేట్టు కడ్డీని ఆధారాలలో నిలిపి, తిరగకుండా చిన్న మర బిగించారు. ఉంగరాలు సులువుగా జారాయి. చెల్లెలు షవరు తిప్పింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

తెర కదిలింది! అవును, కదలక మానదు. సుడి ఎక్కడికి పోతుంది? పైగా తెర అంచు తొట్టిలోనే ఉండాలి గనక, కింద చోటు పెద్దగా పెరగలేదు. కాని భుజాల దగ్గరా, మోచేతుల దగ్గరా తెర ఇప్పుడు దూరంగా ఉన్నది. కింది భాగానికి అమ్మ ఒక ఉపాయం చేసింది. షవరు తిప్పే ముందు తెర అంచును కాస్త తడిపి తొట్టి గోడకు అంటించింది. తడి దాన్ని పట్టుకున్నది. కొన్ని తెరల అంచున అయస్కాంతాలు కూడా ఉంటాయి. అయితే తొట్టి ఇనుముదో ఉక్కుదో అయితేనే అవి అంటుకుంటాయి, ప్లాస్టిక్కు తొట్టికి అంటవు.

మర్నాడు నాయనమ్మ స్నానానికి పోయింది. అన్న తలుపు బయట నిలబడి, “నాయనమ్మా, తెర మీదికి వస్తున్నదా?” అని అడిగాడు.

“వస్తున్నదిరా, కాని దూరాన్నుంచి పలకరించి పోతున్నది,” అన్నది నాయనమ్మ.

“పిడి పట్టుకున్నావా?”

“పట్టుకున్నానులే. నువ్వు పోయి చదువుకో!”